చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో ఫాక్స్‌ప్రో: ముక్కలు చేయాలా, ఒక్కటిగా తిరగరాయాలా?

యార్డు కుర్రోడు:
బ్లాకుల స్టాకు, కటింగు, స్లాబుల కొలతలు, ఎక్స్‌పోర్టు ఇన్‌వాయిస్ అన్నీ మాకు ఇంకా విజువల్ ఫాక్స్‌ప్రో అనే పాత మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లోనే. చివరి వెర్షన్ 2004లో వచ్చింది, మైక్రోసాఫ్ట్ సపోర్టు 2015 జనవరిలో ఆగిపోయింది. ఓనరుగారు మార్చమంటున్నారు. మైక్రోసర్వీసులకి (ఒక్కో పనికి విడిగా నడిచే చిన్న ప్రోగ్రాం) పోవాలా, ఒకే అప్లికేషన్‌గా రాయాలా?

పెన్నా ఒడ్డు (బెంగళూరు):
మైక్రోసర్వీసులే. స్టాకు ఒకటి, కటింగు ఒకటి, బిల్లింగు ఒకటి. ఒకటి పడిపోయినా మిగతావి నడుస్తాయి. పైగా ఫాక్స్‌ప్రో డేటా దాచే డీబీఎఫ్ ఫైలు 2 జీబీ దాటదు. ఎన్నాళ్ళు నెట్టుకొస్తారు?

ఒంగోలు పాతకాపు:
2 జీబీ గోల ఎందుకబ్బయ్యా? స్లాబుకి వంద బైట్లు వేసుకున్నా రెండు కోట్ల స్లాబులు పడతాయి. ఫాక్స్‌ప్రోకి దెబ్బ కొట్టేది కరెంటు. రాసే మధ్యలో పోయిందంటే రికార్డులు వెతికిపెట్టే ఇండెక్సు పాడవుద్ది, యార్డులో ఉన్న స్లాబు లేదని చూపిస్తది. డేటాని పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసుకి మార్చండి. అప్లికేషన్ ఒక్కటే, లోపల మాడ్యూళ్ళు వేరు.
స్లాబు బుకింగు, ఇన్‌వాయిస్ ఒకే ట్రాన్సాక్షన్‌లో పడాలి, అంటే పడితే రెండూ పడాలి, లేదంటే రెండూ పడకూడదు. రెండు సర్వీసులు, రెండు డేటాబేసులు పెడితే, ఇన్‌వాయిస్ ఫెయిలైనప్పుడు బుకింగుని రద్దు చేసే కోడు కూడా నువ్వే రాయాలి. రాయలేదా, ఆ స్లాబు ఎవరికీ అమ్మడానికి రాదు.

కందుకూరు ఆడిటర్:
ట్యాలీ చాలదా?

యార్డు కుర్రోడు:
అకౌంట్లకి అదే వాడుతున్నాం అన్నా. బ్లాకు కొలతలో బయ్యర్‌కి వదిలే అలవెన్సు లెక్క మాత్రం పాత ప్రోగ్రాంలోనే ఉంది. ఒక్కో బయ్యర్‌కి ఒక్కో రకం.

పెన్నా ఒడ్డు:
సార్, పొడుగు రాతలు దాచే మెమో ఫైలుకీ 2 జీబీయే హద్దు. దాన్ని తీసిపారేయకండి.

కావలి సుబ్బు:
ఏదైనా ఒకేసారి మార్చొద్దు. తాటిచెట్టు మీద మర్రి మొలిచినట్టు కొత్తది పాతదాని మీదే పెరిగి, మెల్లగా దాని చోటు తీసుకోవాలి. సాఫ్ట్‌వేర్ రచయిత మార్టిన్ ఫౌలర్ 2004లో దీనికే స్ట్రాంగ్లర్ (పీక నులిమేది) అని పేరు పెట్టాడు.

ఒంగోలు పాతకాపు:
మళ్ళీ 2 జీబీయేనా! నేను లెక్కలు చూసే రైసుమిల్లులో ఒక కంపెనీ వచ్చి పదకొండు సర్వీసులు కట్టింది. తొమ్మిది నెలలకి కట్టిన పిల్లలు ఉద్యోగాలు మారిపోయారు. ఓ రాత్రి లారీలు గేటులో నిలబడ్డాయి, ఏ సర్వీసు పడిందో చెప్పే మనిషి లేడు. తెల్లారేదాకా చేత్తో కాటా చీటీలు రాశాను. నువ్వూ అంతే, కట్టి వెళ్ళిపోతావు.

పెన్నా ఒడ్డు:
ఆ మాట అనకండి సార్. మా నాన్న నెల్లూరు దగ్గర రొయ్యల మేత డీలరు. రైతులకి పట్టుబడి దాకా అప్పు మీద మేత ఇస్తాడు. ప్రోగ్రాం రాసినాయన చనిపోయాడు, నడిచే ఈఎక్స్ఈ ఫైలు తప్ప, కోడు ఉండే పీఆర్జీ ఫైలు ఒక్కటీ దొరకలేదు. డీబీఎఫ్‌లో బాకీలున్నాయి, వడ్డీ లెక్క ఎట్లా కట్టాడో ఎవరికీ తెలియదు. రైతులు మా ఇంటి ముందుకొచ్చి గొడవపడ్డారు, నాన్న తల వంచుకుని కూర్చున్నాడు. నా భయం ఫాక్స్‌ప్రో గురించి కాదు. అంతా ఒక్కరి బుర్రలో ఉండటం గురించి.

ఒంగోలు పాతకాపు:
ఆ భయం నాకూ ఉంది నాయనా. నాకు అరవై ఒకటి. నేను రాసినవి చదివేవాడు ఒంగోల్లో ఇంకొకడు లేడు. కానీ పదకొండు ముక్కలు చేస్తే ఒక్కడి చేతిలోది ఎవరి చేతిలోనూ లేకుండా పోద్ది. ముందు కుర్రోడా, మీ ప్రోగ్రాం రాసినాయన ఉన్నాడా?

యార్డు కుర్రోడు:
ఉన్నారు సార్. రిటైరై చీమకుర్తిలోనే ఉంటారు.

పెన్నా ఒడ్డు:
అయితే రేపే వెళ్ళు. ప్రతి బయ్యర్ అలవెన్సు లెక్కా ఆయన చెబుతుంటే రాసుకో, పాత ఇన్‌వాయిస్‌లతో సరిచూడు. ఆ తర్వాత కూడా బిల్లింగు వేరే సర్వీసే చేయమంటాను.

ఒంగోలు పాతకాపు:
వెళ్ళు, అది నిజమే. బిల్లింగు మాత్రం విడదీయొద్దు.