పదేళ్ల పాపను ట్యూషన్‌కి ఒంటరిగా పంపొచ్చా?

శ్రీలత_కేపీహెచ్‌బీ:
మా పాప ఐదో తరగతి. ట్యూషన్ మూడో వీధిలోనే, మధ్యలో ఒక రోడ్డు దాటాలి. నేనే వెళ్తానని గొడవ చేస్తోంది. మావారు పంపమంటారు. అత్తగారేమో వాట్సాప్‌లో వచ్చిన కిడ్నాప్ వీడియో చూపించి "ఆడపిల్లను అలా వదిలేస్తారా" అంటున్నారు. ప్రస్తుతానికి ఆఫీసు కాల్స్ మధ్యలో లేచి నేనే స్కూటీ మీద దింపుతున్నా. మీరైతే ఏం చేస్తారు?

మాష్టారు_తణుకు:
నిక్షేపంగా పంపండమ్మా. ఆ వీడియోల సంగతి చెప్తాను. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు దిగాయని రెండు రాష్ట్రాల్లోనూ ఇలాగే పుకారు లేచింది. ముఠా లేదు, గిఠా లేదు. అనుమానంతో జనం కొట్టి చంపింది అమాయకుల్ని. ఆ జూలైలో వాట్సాప్ కంపెనీ మనదేశంలో ఒక మెసేజ్‌ని ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. అయినా పాత వీడియోకి కొత్త ఊరి పేరు తగిలించి పంపేవాళ్లు పంపుతూనే ఉన్నారు. పదేళ్ల పిల్లకు రోడ్డు దాటడం నేర్పకుండా ఇంకెప్పుడు నేర్పుతారు? ఇంటర్‌కి హాస్టల్లో వేసేటప్పుడా?

బోడుప్పల్_నవీన్:
కిడ్నాపర్ల సంగతి పక్కనపెట్టండి సార్, కుక్కల సంగతేంది? 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును కుక్కలు చంపేసినయి. తండ్రి పనిచేసే చోటనే.

మాష్టారు_తణుకు:
ఆ బిడ్డకు నాలుగేళ్లు. ఈ పాపకు పది.

బోడుప్పల్_నవీన్:
కుక్కకు వయసు తెలుస్తదా సార్?

ట్రాఫిక్_సురేష్:
శ్రీలత గారూ, స్కూటీ మీద పాపకు హెల్మెట్ పెడుతున్నారా? 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించాక నాలుగేళ్లు దాటిన అందరికీ తప్పనిసరి.

శ్రీలత_కేపీహెచ్‌బీ:
రెండు వీధులకే కదండీ.

ట్రాఫిక్_సురేష్:
అదే మరి. కిడ్నాప్ అంటే భయం, బండి మీద మాత్రం ధైర్యం.

సుధారాణి:
అందరూ దారి గురించే మాట్లాడుతున్నారు. ట్యూషన్ జరిగే ఇంట్లో ఎవరెవరు ఉంటారో ఒక్కరైనా అడిగారా? పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం కింద పెట్టిన కేసుల్లో నిందితులు నూటికి తొంభై మందికి పైగా పిల్లలకు తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాలు చెబుతూనే ఉన్నాయి. బంధువులు, ఇంటిపక్కవాళ్లు, పాఠం చెప్పేవాళ్లు. వీధిలో అందరూ చూస్తుంటారు. గది తలుపు వేస్తే ఎవరు చూస్తారు?

మాష్టారు_తణుకు:
సుధారాణి గారూ, నేను ఇప్పటికీ ఇంట్లో ట్యూషన్ చెబుతున్నాను. వీధి అరుగు మీదే కూర్చోబెడతాను. మమ్మల్నందర్నీ ఒకే గాటన కట్టేస్తే ఎలా? ఈ అనుమానాల వల్లే ఇవాళ పిల్లవాడి భుజం తట్టి "శభాష్" అనాలన్నా చెయ్యి ఆగిపోతోంది.

సుధారాణి:
నేను మీ గురించి అనలేదు.

మాష్టారు_తణుకు:
పాఠం చెప్పేవాళ్లు అన్నారు. నేను పాఠం చెప్పేవాణ్ణే.

బోడుప్పల్_నవీన్:
మళ్లీ కుక్కల ముచ్చట పక్కకు పోయింది.

సుధారాణి:
సరే, వినండి. చిన్నప్పుడు నన్ను బయటికి పంపేవాళ్లు కాదు. గుమ్మం దాటితే అమ్మ కేక వేసేది. నన్ను ఇబ్బంది పెట్టినవాడు మాత్రం పండక్కి మా ఇంట్లో అరిటాకు ముందు కూర్చుని భోంచేసినవాడే. ఇంట్లో చెబితే "ఆయన అలాంటివాడు కాదు" అన్నారు. పిల్లలు సాయం కోసం ఫోన్ చేయడానికి 1098 అనే నంబరు ఉందని నాకు పెళ్లయ్యాక తెలిసింది. అరుగు మీద కూర్చోబెట్టే మీకు కోపం వస్తోంది కానీ, పిల్ల వచ్చి చెబితే ముందు నమ్మండి అని ఇక్కడ ఎవరూ రాయడం లేదు.

కొత్తపేట_అమ్మ:
🙏 సుధ గారూ.

మాష్టారు_తణుకు:
మీకు జరిగింది ఘోరం, కాదనను. కానీ దానికీ, పాప రోడ్డు దాటడానికీ సంబంధమేమిటి? మీ మాట ప్రకారమైనా వీధే నయం కదా! నేను మొదటినుంచీ అంటున్నది అదే. భయపడి పిల్లల్ని కట్టేయకండి. మా పిల్లలు ధైర్యంగా పెరిగారు.

శ్రీలత_కేపీహెచ్‌బీ:
మీ పిల్లల్ని చిన్నప్పుడు ఎవరు దింపేవారు మాష్టారూ?

మాష్టారు_తణుకు:
మా ఆవిడ. తనకు ఉద్యోగం లేదు కదా.

శ్రీలత_కేపీహెచ్‌బీ:
లేదా, మానేశారా?

మాష్టారు_తణుకు:
పిల్లలు పుట్టాక మానేసింది. ఎవరూ మానమనలేదు.

శ్రీలత_కేపీహెచ్‌బీ:
నన్ను కూడా ఎవరూ మానమనడం లేదండీ. మావారు ధైర్యంగా "పంపు" అంటారు. అత్తగారు "వద్దు" అంటారు. ఇద్దరిలో ఎవరూ లేచి దింపి రారు. రేపు పాప మోకాలు చీరుకుపోయి వచ్చినా "తల్లి ఏం చేస్తోంది" అనే అడుగుతారు, ఆయన్ని అడగరు. పంపాలా వద్దా అని మీరు వాదించుకుంటున్నారు. పంపితే మాట పడేది నేను, పంపకపోతే ఉద్యోగం పోయేది నాకు.

ట్రాఫిక్_సురేష్:
మీ ఆయన ఇంటికి ఎన్నింటికి వస్తారు?

శ్రీలత_కేపీహెచ్‌బీ:
ఇంట్లోంచే పని. పక్క గదిలోనే ఉంటారు.

కొత్తపేట_అమ్మ:
😂😂 మా ఇంట్లోనూ అదే కథ.

మాష్టారు_తణుకు:
అది మీ ఇంటి విషయం, మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. పిల్లల భద్రత అనే అంశాన్ని పక్కదారి పట్టిస్తున్నారు.

సుధారాణి:
ఆవిడ అడుగుతున్నదే భద్రత గురించి. కాపలా ఎవరు కాయాలని. దానికి జవాబు చెప్పండి.

బోడుప్పల్_నవీన్:
ఆ రోడ్డు మీద కుక్కలు ఉన్నయా లేవా, అదన్నా చెప్పండి అక్కా.