బీఏ వాళ్లకు లెక్కల పేపర్ తప్పనిసరి చేయాలా?

కాజీపేట_సార్: హన్మకొండలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తాను. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ఎంత శాతమని బీఏ ఫస్టియర్‌లో అడిగాను. సగం మంది "రెండు" అన్నారు. ఇంట్లో ఆ వడ్డీ కట్టేవాళ్లే. ఒక్క సెమిస్టరైనా లెక్కల పేపర్ పెట్టాలి. ఏమంటారు?

పాలకుర్తి_రమ: వద్దు సార్. లెక్కలంటే భయపడే కదా ఇంటర్‌లో హెచ్‌ఈసీ తీసుకున్నాం.

మడికొండ_బుడ్డోడు: నూటికి రెండంటే రెండు శాతమే కదా?

కాజీపేట_సార్: నెలకు రెండు తమ్ముడూ, ఏడాదికి 24. చక్రవడ్డీ అయితే లక్ష సుమారు 35 నెలల్లో రెండు లక్షలవుతుంది. 72ని 2తో భాగించి చూడు, దగ్గరదగ్గర అదే వస్తుంది.

మడికొండ_బుడ్డోడు: మా ఊళ్లో చక్రవడ్డీ ఎవరూ వేయరు. మూడేళ్లకోసారి నోటు తిరగరాస్తారు, అంతే.

కాజీపేట_సార్: తిరగరాసేటప్పుడు వడ్డీని అసలులో కలుపుతారా?

మడికొండ_బుడ్డోడు: కలుపుతారు. కానీ అది చక్రవడ్డీ కాదు.

నర్సంపేట_యాదగిరి: వడ్డీ సంగతి వదిలేయండి. మన వరంగల్-ఖమ్మం-నల్గొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓట్లు 2021లో రోజుల తరబడి లెక్కపెట్టారు. చెల్లిన ఓట్లలో సగం దాటాలి. ఎవరూ దాటకపోతే అడుగునున్న వాళ్లను ఒక్కొక్కరినే తీసేసి, వాళ్ల ఓట్లను రెండో ప్రాధాన్యం (ఓటరు 2 అంకె వేసిన పేరు) ప్రకారం పంచుతారు. డిగ్రీ ఉన్నోళ్ల ఓటు అది. మా పక్కింటాయన అంకె వేయకుండా టిక్ పెట్టి వచ్చాడు! పేపర్ పెడితే ఇలాంటివి పెట్టాలి.

పాలకుర్తి_రమ: యాదన్నా, ఆ ఓటు నాకు లేదు. ఎందుకో తెలుసా? బీఏలో అన్నీ పాసై, ఒక్క స్టాటిస్టిక్స్ మూడుసార్లు పోయింది. పట్టా రాలేదు. గ్రూప్-2కు దరఖాస్తు కూడా పెట్టలేకపోయాను. మీకు చర్చ, నాకు బ్యాక్‌లాగ్.

కాజీపేట_సార్: అయ్యో. కానీ పరీక్ష లేకపోతే ఆ క్లాసుకు లెక్చరర్‌ను వేయరమ్మా.

పాలకుర్తి_రమ: ఉన్నప్పుడు వేశారా? ఏడాదంతా మాకు ఆ సబ్జెక్టుకు సారే లేడు. గైడ్ కొనుక్కుని బట్టీ పట్టాం. అడుగుతున్నానని ఏమనుకోకండి, మీరు ఏ సబ్జెక్టు?

కాజీపేట_సార్: లెక్కలే. గెస్ట్ లెక్చరర్‌ని.

పాలకుర్తి_రమ: అదీ సంగతి. మాకు పేపర్ కావాలా, మీకు పోస్టు కావాలా?

కాజీపేట_సార్: రెండూ కావాలి. దాచేదేముంది? క్లాసులు లేని నెల జీతం ఉండదు. అయినా నా పోస్టు కోసమే ఆ వడ్డీ లెక్క పుట్టలేదు కదా.

నర్సంపేట_యాదగిరి: మార్కులు లేకుండా క్లాసు పెడితే?

పాలకుర్తి_రమ: అట్లయితే నేనూ వచ్చి కూర్చుంటా.

కాజీపేట_సార్: మార్కుల్లేని క్లాసుకు ఎంతమంది వస్తారో నాకు తెలుసు. బుడ్డోడా, నీ మాటా నిజమే, నేను నెలనెలా కలిపేశాను. మీ ఊరి పద్ధతిలో మూడేళ్లకు వడ్డీ 72 వేలు, కొత్త నోటు 1,72,000కి. అక్కడి నుంచి నెలకు 3,440. అప్పు 45వ నెలలో రెండు లక్షలు దాటుతుంది.

మడికొండ_బుడ్డోడు: 3,440 ఎట్లొచ్చింది సార్? మా నోటు పోయిన నెలే తిరగరాశాం.