ఆపరేషన్‌కు ముందు ఒక ఈత ఈననివ్వాలా?

గోధుమరంగు తోక:
మా ఇంట్లో పది నెలల ఆడ లాబ్రడార్ ఉంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిద్దామంటే మా అత్తగారు ఒప్పుకోవడం లేదు. ఒక్కసారైనా తల్లి కాకపోతే దాని ఉసురు తగులుతుందట. ఉసురు సంగతి అటుంచి, ఒక ఈత అయితే ఒంటికి మంచిదన్నది నిజమేనా?

పెరటి మొక్క:
మీ అత్తగారి మాటే నాదీ. దేవుడిచ్చినదాన్ని కోసి పారేయడానికి మనమెవరం? మా పక్కింటి కుక్క ఆపరేషన్ తరువాత పిప్పళ్ల బస్తాలా తయారైంది.

నాలుగు కాళ్లు:
ఈతతో ఒరిగేదేమీ లేదు. మా పాత కుక్క రెండు ఈతలు ఈనింది. ఎనిమిదో ఏట, ఎద ముగిసిన నెలకు, గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగడం మొదలుపెట్టింది. ఎండలకేమో అనుకున్నాం. మూడో రోజు అది పడుకున్న గోనెపట్టా మీద చీము మరక కనిపించింది. గర్భసంచి నిండా చీమే. అర్ధరాత్రి కోసి తీస్తే బతికింది. ఆ రెండు ఈతలూ దాన్ని కాపాడలేదు. గర్భసంచి, అండాశయాలు ముందే తీయించి ఉంటే ఆ జబ్బుకు చోటే ఉండేది కాదు.

ఇక లావు అంటారా, ఆపరేషన్ తరువాత ఒంటికి కావలసిన తిండి తగ్గుతుంది. మనం మాత్రం పెరుగన్నం అదే గిన్నెతో పెడతాం. తప్పు కత్తిదా, గిన్నెదా?

పెరటి మొక్క:
అలాగైతే పసికూనకే కోయించాలా? గోల్డెన్ రిట్రీవర్లకు ఏడాదిలోపు చేయిస్తే కీళ్ల జబ్బులు ఎక్కువని డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో చెప్పారు కదా?

నాలుగు కాళ్లు:
చెప్పారు, కాదనను. అయితే అది ఎప్పుడు చేయించాలన్న చర్చ. లాబ్రడార్ కూడా పెద్ద జాతే కనుక డాక్టరును అడిగి ఏడాది దాటేవరకు ఆగవచ్చు. అంతవరకు గేటు జాగ్రత్త. ఎద ఆపే ఇంజెక్షన్ల జోలికి మాత్రం పోకండి, ఆ హార్మోన్లే గర్భసంచిలో చీముకు దారి తీయవచ్చు.

వీధి చివరి ఇల్లు:
మగకుక్కకు చేయిస్తే కాపలా మానేస్తుందని కూడా అంటారు. మావాడికి చేయించి నాలుగేళ్లయింది. పాలవాడు ఇప్పటికీ ప్యాకెట్లు గోడ మీద పెట్టి పరుగు లంకించుకుంటాడు.

గోధుమరంగు తోక:
అత్తగారికి అంతా చదివి వినిపించాను. లాబ్రడార్ ఒక్క ఈతకు ఏడెనిమిది పిల్లలను పెడుతుంది, ఎవరెవరికి ఇద్దామో చెప్పండి అన్నాను. వేళ్ల మీద లెక్కపెట్టి రెండో వేలు దగ్గర ఆగారు. ఉసురు మాట మాత్రం ఇంకా వదలలేదు.