పులిహోరలో మీరు రాజీపడని చిన్న విషయం ఏది? కారణంతో సహా చెప్పండి

వేరుశనగ వాది అడిగిన ప్రశ్న:

విషయం చిన్నదే, పంతాలే పెద్దవి. నాది ముందు చెప్పేస్తాను. పోపులో వేగిన పల్లీల్ని అన్నంలో కలిపేసి మూతపెట్టడం నాకు గిట్టదు. వేగిన పల్లీలో తడి ఉండదు, దాని పక్కనేమో తడి అన్నం. రెండు గంటలు తిరిగేసరికి ఆ తడి పీల్చుకుని ఉడకబెట్టిన శనక్కాయలా సాగుతుంది. పల్లీలు విడిగా వేయించి, పూర్తిగా చల్లారాక డబ్బాలో వేసి, వడ్డించే ముందు పైన చల్లాలి. అరకిలో బియ్యానికి 75 గ్రాములు చాలు. నూనె కాగకముందే వేసి సన్న సెగ మీద వేయించాలి. కాగిన నూనెలో పడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటాయి. ఒక పిసరు రంగు తక్కువ ఉండగానే తీసేయండి, తీశాక కూడా లోపలి వేడికి రంగు ఎక్కుతుంది.

మీ పంతం ఏంటి? ఒకటే షరతు: "మా ఇంట్లో ఇంతే" అంటే కుదరదు. ఏం చేస్తే ఏం చెడుతుందో కొలతతో చెప్పాలి. పులిహోర కలపడం అనగానే వేరే అర్థం తీసుకునేవాళ్ళకి ఇక్కడ పని లేదు.

గోదారి గట్టు:

పల్లీల సంగతి తర్వాత చూద్దాం. ఆవ పెట్టారా లేదా?

పోపులో చిటపటలాడిన ఆవాలు వేరు, ఆవ పెట్టడం వేరు. కిలో బియ్యానికి 20 గ్రాముల ఆవాలు, రెండు ఎండుమిర్చి, కాస్త ఉప్పు. ముందు పొడి కొట్టి, తర్వాత మూడు నాలుగు చెంచాల చన్నీళ్ళు పోసి నూరాలి. పొడిగా ఉన్నప్పుడు వాసన చూడండి, పెద్దగా ఏమీ ఉండదు. నీళ్ళు తగిలాకే ఘాటు పుడుతుంది, పది నిమిషాలకి ముక్కులో దూరుతుంది. అందుకే నూరగానే కలపకూడదు, ఆ పది నిమిషాలూ ఆగాలి. వేణ్ణీళ్ళు పోస్తే ఘాటు పుట్టనే పుట్టదు, చేదు మిగులుతుంది. పుట్టాక పులుపు తగిలితే మాత్రం ఆ పులుపే దాన్ని నిలబెడుతుంది.

ఎక్కువమంది చేసే తప్పు: ఆవపిండిని ఉడుకుతున్న పులుసులో వేసేయడం. ఘాటంతా ఆవిరితో పోతుంది, ఇల్లంతా తుమ్ములు, పులిహోరలో మాత్రం ఏమీ ఉండదు. అన్నం చల్లారి, పులుసు కలిపిన తర్వాత, అన్నిటికన్నా చివర ఆవ. 20 గ్రాములు దాటితే చేదు, అది బెల్లంతో కూడా పోదు.

తూకంరాయి:

మీరిద్దరూ పైపై మెరుగుల గురించి కొట్టుకుంటున్నారు. పులిహోర చెడేది రెండే చోట్ల: అన్నం దగ్గర, పులుసు దగ్గర.

అన్నం. పాత సోనామసూరి గ్లాసుకి గ్లాసుంముప్పావు నీళ్ళు, కొత్త బియ్యమైతే గ్లాసున్నర. కుక్కర్లో రెండు కూతలు. ఆవిరి అణగగానే మూత తీయాలి, అలాగే వదిలేస్తే లోపలి వేడికి ఇంకా మెత్తబడుతుంది. వెంటనే వెడల్పు బేసిన్లో పరిచి, వేడి మీదే పసుపు, సగం ఉప్పు, రెండు గరిటెల పప్పునూనె (నువ్వుల నూనె), పచ్చి కరివేపాకు చల్లాలి. మెతుక్కి నూనె పట్టేది అప్పుడే. కానీ కలపడం అప్పుడు కాదు. వేడి అన్నాన్ని గరిటెతో తిప్పితే మెతుకు విరిగి గంజి బయటికొస్తుంది, ఆ గంజే జిగురు. అరగంట ఆరనిచ్చి వేళ్ళతో విడదీయాలి.

పులుసు. కిలో బియ్యానికి గింజ తీసిన చింతపండు 130 నుంచి 150 గ్రాములు. అరలీటరు వేణ్ణీళ్ళలో ఇరవై నిమిషాలు నానబెట్టి చిక్కగా పిండాలి. నూనె 150 మి.లీ., చీల్చిన పచ్చిమిర్చి పన్నెండు, బెల్లం 15 గ్రాములు. ఉప్పు మొత్తం మీద 45 నుంచి 50 గ్రాములు, అందులో సగం అన్నానికి వేసేశాం కదా, మిగతా సగం ఇక్కడ.

ఇప్పుడు నా పంతం: "నూనె తేలింది, దించేశాం" అంటే ఒప్పుకోను. పోపు నూనె మొదటి నిమిషం నుంచీ తేలుతూనే ఉంటుంది. పరీక్ష ఇది. ఒక చుక్క పులుసు స్టీలు పళ్ళెం మీద వేసి పళ్ళెం వంచండి. ముద్ద చుట్టూ నీటి గీత జారిందంటే ఇంకా ఉడకాలి. గీత లేకుండా ముద్ద ముద్దగానే కదిలి, వెనక నూనె మెరుపు ఒక్కటే మిగిలితే అయినట్టు. ఆ నీటి గీత ఉండగా దించేస్తే ఆ నీళ్ళన్నీ అన్నంలోకి పోతాయి. పచ్చి చింతపండు వాసన, మర్నాటికి పాడు, రెండూ అక్కడివే.

గిన్నె స్టీలుదే పెట్టండి. కళాయి లేని ఇత్తడికి పులుపు తగిలితే చిలుము, ఇనప మూకుడైతే పులుసు నల్లబడి ఇనుము రుచి.

పులుసంతా ఒకేసారి పోయకండి. ముప్పావు కలిపి గంట ఆగండి. కలిపిన వెంటనే పులుపు మెతుకు పైనే ఉంటుంది కాబట్టి గట్టిగా తగులుతుంది, లోపలికి ఇంకాక తగ్గుతుంది. చాలలేదనిపిస్తే అప్పుడు మిగతా పావు.

సీమ మిరప:

నిమ్మకాయ పిండినదాన్ని పులిహోర అనడం దగ్గరే నాకు పేచీ. మా వైపు అది చిత్రాన్నం. పులిహోర అంటే చింతపండే.

పేరు ఏదైనా పెట్టుకోండి, నిమ్మరసం పొయ్యి మీద మాత్రం పోయొద్దు. తిరగమోతలో రసం పిండి కాసేపు ఉడికిస్తారు కొందరు, చేదెక్కేది అక్కడే. పొయ్యి కట్టేసి, అన్నం గోరువెచ్చన అయినాక పోయాల. గ్లాసు బియ్యానికి పెద్ద కాయ ఒకటి, చిన్నవైతే రెండు. తొక్క నలిగిపోయేదాకా పిండితే తొక్కలో చేదు కూడా దిగుతుంది. గింజ ఒక్కటి పడినా పంటి కింద తెలుస్తుంది, కాబట్టి వడకట్టి పోయండి.

ఇంకోటి, ఉల్లిపాయ. చిత్రాన్నంలో వేసుకుంటే తప్పేం లేదు, వేడిగా తినేస్తాం. చింతపండు పులిహోరలో వేస్తే నీరు ఊరి సాయంత్రానికి వాసనొస్తుంది. ప్రయాణానికి కట్టుకుపోయేదాంట్లో ఉల్లిపాయ ఎందుకు?

సద్దుల సంచి:

ఉల్లిగడ్డ మాట కరెక్టే. సద్దుల బతుకమ్మకు చింతపండు సద్ది, నిమ్మకాయ సద్ది, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, పెరుగు సద్ది అని ఐదు తీర్లు చేస్తరు. నైవేద్యం కాబట్టి ఉల్లిగడ్డ ఎట్లాగూ పడదు.

నా పంచాయితి నువ్వుల మీద. చింతపండు పులిహోరల నువ్వుల పొడి పడితేనే పులుపు కుదురుతది. కిలో బియ్యానికి 50 గ్రాములు. నూనె లేకుండ సన్న మంట మీద, ఒకటి రెండు చిటుక్కుమనంగనే దింపాలె. అన్నీ చిటపటలాడేదాక ఉంచితే చేదు. పూర్తిగ సల్లారినంక మిక్సీల ఆపి ఆపి తిప్పాలె. ఒక్కతీరుగ తిప్పితే నూనె దిగి ముద్దయితది, ఆ ముద్ద అన్నంల ఉండలు కడుతది. నువ్వుల పొడి వేసినప్పుడు ఆవ వేయొద్దు. ఆ ఘాటు ముందట నువ్వుల వాసన నిలవది, రెండూ దండగ.

గోదారి గట్టు:

ఆఖరి ముక్క ఒప్పుకుంటాను. మొదటిది కాదు.

నానిన పప్పు:

పల్లీలు కరకరలాడాలన్న వేరుశనగ వాది గారూ, పచ్చిశనగపప్పు సంగతేం చేస్తారు? పోపులో ఎర్రగా వేగిన శనగపప్పు మర్నాడు పంటికి రాయిలా తగులుతుంది. నా పంతం మీకు పూర్తిగా రివర్సు: పప్పు మెత్తబడాలి. పావుగంట నానబెట్టి, గుడ్డ మీద తడి లేకుండా ఆరబెట్టి వేయించండి. లేదా వేయించిన పప్పుని చివరి ఐదు నిమిషాలు పులుసులో ఉడకనివ్వండి. తడి ఆరకుండా నూనెలో వేస్తే మొహాన చిందుతుంది, జాగ్రత్త. మినప్పప్పుకి ఈ తిప్పలు అక్కర్లేదు.

వేరుశనగ వాది:

శనగపప్పు మెత్తగా, పల్లీ కరకరగా. మీకూ నాకూ తగువే లేదన్నమాట. తూకంరాయి గారూ, మీ పళ్ళెం పరీక్ష బాగుంది. ఇంగువ ఎప్పుడు వేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

తూకంరాయి:

ఏ ఇంగువ అన్నదాన్ని బట్టి. ముద్ద ఇంగువ అయితే శనగగింజంత, ముందుగా నూనెలో వేసి పొంగనివ్వాలి, లోపల పచ్చిగా ఉంటే వాసన తేడాగా ఉంటుంది. డబ్బాలో వచ్చే పొడిలో పిండి కలుస్తుంది, కాగే నూనెలో ఆ పిండి క్షణంలో మాడుతుంది. కాబట్టి పొడిని పొయ్యి కట్టేశాక అర చెంచా వేసి, వెంటనే చింతపండు గుజ్జు పోసి మళ్ళీ వెలిగించండి. గుజ్జు ఒక్కసారిగా ఎగిరిపడుతుంది, మూత చేతిలో పట్టుకునే పోయండి.