న్యూ స్టార్ట్ తనిఖీలు పోయాక ఆ లోటు బయటి పరిశోధకుల ఉపగ్రహ విశ్లేషణతో తీరుతుందా?

కక్ష్య:
అమెరికా, రష్యాల దూరశ్రేణి అణ్వాయుధాలకు హద్దు పెట్టిన న్యూ స్టార్ట్ ఒప్పందం గడువు 2026 ఫిబ్రవరి 5తో తీరిపోయింది. అసలు దాని తనిఖీలు 2020 మార్చిలో కోవిడ్ వల్ల ఆగాక మళ్లీ మొదలే కాలేదు. 2023 ఫిబ్రవరిలో రష్యా తన వంతు అమలును నిలిపేసింది. ఆ మధ్య కాలంలోనే, 2021 జూన్ చివర, చైనాలోని యుమెన్ దగ్గర ఎడారిలో సుమారు 120 క్షిపణి సైలోలు (క్షిపణిని నిలబెట్టే భూగర్భ గొట్టాలు) కడుతున్న సంగతి బయటపెట్టింది ఏ ప్రభుత్వమూ కాదు, అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయ పరిశోధకులు. మామూలు వాణిజ్య చిత్రాల్లోనే వాళ్లకు అది దొరికింది. నెల తిరక్కుండా హామీ అనే చోట రెండో సైలో క్షేత్రం, ఆ వెంటనే ఓర్డోస్ వైపు మూడోది బయటపడ్డాయి. మూడింటికీ లోపలికి వెళ్లే హక్కు ఎవరికీ లేదు, ఒప్పందం అసలే లేదు.

నా వాదన ఇది. తనిఖీ హక్కులు దగ్గర్లో తిరిగి వచ్చేలా లేవు. ఆయుధ నియంత్రణ పరిశోధనకు దొరికే కొద్దిపాటి డబ్బు, మనుషులు ఇకమీదట బహిరంగ సమాచార విశ్లేషణ వైపే వెళ్లాలి. కొత్త ఒప్పందాలను కూడా ఆకాశం నుంచి చూడగలిగిన వాటి మీదే కట్టాలి. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

లెక్కాపత్రం:
కక్ష్య గారూ, సైలోలు లెక్కపెట్టడం వేరు, వార్‌హెడ్లు (క్షిపణి మోసే అణు బాంబులు) లెక్కపెట్టడం వేరు. న్యూ స్టార్ట్‌లో మోహరించిన వార్‌హెడ్లకు 1,550, మోహరించిన క్షిపణులకూ బాంబర్లకూ కలిపి 700, మోహరించినవీ కానివీ అన్ని లాంచర్లకూ బాంబర్లకూ 800 పరిమితి. మీ చిత్రాలు ఆ చివరి రెండింటి దగ్గరే ఆగిపోతాయి. అమెరికా సైలో క్షిపణి మినిట్‌మ్యాన్ 3 ఇప్పుడు ఒక్క వార్‌హెడ్‌తో ఉంది, మూడు మోయగలదు. జలాంతర్గామి క్షిపణి ట్రైడెంట్ 2 ఎనిమిది మోయగలదు. ఇంకో రెండు ఎక్కించినా సైలో మూత మీద ఒక్క గీత మారదు.

మొదటి రకం తనిఖీ ఎలా జరిగేదో చూడండి (మోహరించిన ఆయుధాలున్న స్థావరాల్లో చేసేది; ఏటా మొత్తం 18, అందులో ఇవి 10). బృందంలో పది మంది దాకా ఉంటారు. స్థావరానికి చేరగానే అక్కడివాళ్లు ఏ క్షిపణి మీద ఎన్ని వార్‌హెడ్లున్నాయో జాబితా ఇస్తారు. బృందం అందులోంచి తనకు నచ్చిన ఒకదాన్ని ఎంచుకుంటుంది. దాని ముందు భాగం తెరిచి చూపించాలి. వార్‌హెడ్ ఆకారం రహస్యం కాబట్టి ఒక్కోదాని మీద తొడుగు వేస్తారు. తొడుగుల కింద ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి జాబితాతో సరిచూస్తారు. ‘ఇది అణు వస్తువు కాదు’ అని చెప్పినదాని మీద అనుమానం వస్తే న్యూట్రాన్ డిటెక్టర్ పెట్టవచ్చు. ముందు తెలిసిన న్యూట్రాన్ మూలంతో పరికరాన్ని పరీక్షించాలి, తర్వాత ఆ చోటి సహజ నేపథ్య లెక్క తీయాలి, ఆ తర్వాతే వస్తువు దగ్గరికి వెళ్లాలి. ఈ వరస తప్పితే ఆ కొలతకు విలువ లేదు.

ఏది ఎంచుకుంటారో ముందుగా తెలియదు. అందుకే జాబితా మొత్తం నిజంగా ఉంచక తప్పదు. ఒప్పందం నడిచినంత కాలంలో అన్ని రకాలూ కలిపి 328 తనిఖీలు జరిగాయి. ఆ స్థానంలో మీరు ఏం పెడతారు?

నీడకొలత:
చిత్రాలు ఏం చెప్పగలవో, ఎక్కడ తడబడతాయో కొంచెం వివరంగా రాస్తాను. రెండు వైపులా అతిగా చెబుతున్నారు.

యుమెన్ ఎలా దొరికింది? 3 మీటర్ల రిజల్యూషన్ చిత్రాల్లో (ఒక్కో చుక్క నేల మీద 3 మీటర్లు) సైలో మూత కనపడదు. కనపడింది నమూనా: సుమారు 3 కిలోమీటర్ల ఎడంతో జాలీలా పరిచిన తవ్వకాలు, ఒక్కోదాని మీద గాలి నింపిన పెద్ద గుడారం, మధ్య మధ్య కేబుల్ కాలువలు, పొడవాటి వాహనం మలుపు తిరగగలిగే రోడ్లు. విడిగా చూస్తే వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. అన్నీ ఒకే చోట ఉండటమే రుజువు. తర్వాత 30 నుంచి 50 సెంటీమీటర్ల చిత్రాలతో గొయ్యి వ్యాసం కొలిచారు.

ఇక తప్పులు. అన్నిటికంటే ఎక్కువగా జరిగేది తేదీ పొరపాటు. ఉచిత పటాల్లో కనిపించే నేల చాలా చిత్రాల అతుకు. తెర మీద చూపించే తేదీ మీరు చూస్తున్న ముక్కది కాకపోవచ్చు. చిత్రం అసలు గుర్తింపు సంఖ్య, తీసిన సమయం, ఉపగ్రహం వంపు కోణం రాసిపెట్టుకోకుండా ‘ముందు, తర్వాత’ పోలిక ప్రచురించకూడదు.

రెండోది నీడతో ఎత్తు కొలవడం. సూర్యుడు 30 డిగ్రీల ఎత్తులో ఉండగా నీడ 10 మీటర్లుంటే వస్తువు ఎత్తు సుమారు 5.8 మీటర్లు. అర మీటరు పిక్సెల్‌లో నీడ రెండు చివర్లా ఒక్కో పిక్సెల్ పొరబడితే ఎత్తులో దాదాపు 60 సెంటీమీటర్లు పోతాయి. నేల వాలుగా ఉంటే ఇంకా ఎక్కువ. ‘5.8’ అని ఒక్క అంకె ఇచ్చి పరిధి ఇవ్వని నివేదికను నేను నమ్మను.

మూడోది సమయం. పగటి చిత్రాలు తీసే ఉపగ్రహాల్లో ఎక్కువ భాగం స్థానిక సమయం ఉదయం 10:30 ప్రాంతంలో దాటుతాయి. వాటి కక్ష్యలు బహిరంగమే. సాయంత్రం క్షిపణి తెచ్చి, సైలోలో దించి, తెల్లారేలోగా వాహనాన్ని తీసుకెళ్లిపోతే ఏమీ మిగలదు. రాడార్ ఉపగ్రహం రాత్రీ మబ్బులోనూ చూస్తుంది, నిజమే. ఒకే కోణంలో తీసిన రెండు రాడార్ చిత్రాలను పోల్చితే మట్టి మీద చక్రాల జాడ కూడా తేలుతుంది. అయితే మధ్యలో వాన పడినా, మంచు కురిసినా, గట్టిగా గాలి వీచి ఇసుక కదిలినా ఆ పోలిక చెడిపోతుంది.

జినాన్ 133:
బయటి పరిశోధకుల విలువ ప్రభుత్వాలకు కనిపించనిది చూడటంలోనే లేదు, ప్రభుత్వాలు తప్పు చూసినప్పుడు ఆపడంలో ఎక్కువ ఉంది. 1997 ఆగస్టు 16న రష్యా నోవయా జెమ్లియా పరీక్షా కేంద్రం వైపు చిన్న ప్రకంపన నమోదైంది, తీవ్రత సుమారు 3.5. అణు పరీక్ష జరిపారేమోనని వాషింగ్టన్ అనుమానించింది. విశ్వవిద్యాలయ భూకంప శాస్త్రవేత్తలు ఉత్తర ఐరోపా కేంద్రాల రికార్డులు తీసి చూస్తే అది పరీక్షా కేంద్రానికి సుమారు 130 కిలోమీటర్ల దూరంలో కారా సముద్రం అడుగున వచ్చింది. పేలుడులో పీ తరంగం (ముందుగా చేరే నెట్టుడు కదలిక) బలంగా, ఎస్ తరంగం (తర్వాత వచ్చే అడ్డ ఊపు) బలహీనంగా ఉంటుంది. ఇక్కడ ఎస్ తరంగం గట్టిగా ఉంది. కొన్ని గంటలకు అదే చోట ఇంకో చిన్న కదలిక వచ్చింది. అది భూకంపం. సమగ్ర పరీక్షల నిషేధ ఒప్పందం ఆమోదం కోసం అమెరికా సెనేట్ ముందుకు వెళ్లబోతున్న రోజులవి. ఆ అనుమానం అలాగే నిలిచి ఉంటే ఎంత నష్టమో ఊహించండి.

అలాగని చేతిలో ఉన్న పరికరాలను ఎక్కువ చేసి చెప్పను. ఉత్తర కొరియా 2013 ఫిబ్రవరి 12 పరీక్షను ప్రకంపనలు నిమిషాల్లో పట్టించాయి. అది అణు పేలుడే అని నిలబెట్టే జినాన్ వాయువు జపాన్‌లోని తకసాకి కేంద్రానికి చేరడానికి 55 రోజులు పట్టింది. 2009 పరీక్ష తర్వాత అసలు ఏమీ దొరకలేదు. జినాన్ 133 అర్ధాయువు (సగం క్షీణించడానికి పట్టే కాలం) 5 రోజుల పైచిలుకు. సొరంగం గట్టిగా మూస్తే వాయువు బయటికి వచ్చేసరికి క్షీణించిపోతుంది. భూమి లోపలి ఆర్గాన్ 37కి 35 రోజుల అర్ధాయువు ఉంది. కానీ దాన్ని పట్టాలంటే ఆ నేల మీద నిలబడి మట్టిలోంచి గాలి లాగాలి. అంటే మళ్లీ తనిఖీయే.

లెక్కాపత్రం:
అదే నేనంటున్నది. ఇంకో రెండు ఉదంతాలు.

1998లో ఉత్తర కొరియా కుమ్‌చాంగ్‌రి దగ్గర సొరంగాల తవ్వకం ఉపగ్రహాల్లో కనిపించింది. రహస్య రియాక్టర్ కోసమేనన్న అనుమానం నెలల తరబడి నడిచింది. 1999 మేలో అమెరికా బృందం లోపలికి వెళ్లి చూస్తే ఖాళీ సొరంగాలు. ఆ సందర్శన లేకపోతే ఆ అనుమానం ఇప్పటికీ తేలేది కాదు.

సిరియాలో తిరగబడింది. యూఫ్రటీస్ ఒడ్డున కట్టిన రియాక్టర్ 2007 సెప్టెంబరు 6న బాంబు దాడి జరిగేదాకా బయటి విశ్లేషకుల కంటికి ఆనలేదు. కూలింగ్ టవర్ లేదు, కప్పూ గోడలూ మామూలు భవనంలా ఉన్నాయి. చోటు ఏదో తెలిశాక అందరూ పాత చిత్రాలు తీసి గుర్తుపట్టారు. అప్పటికి సిరియా నేల చదును చేసేసింది. 2008 జూన్‌లో ఐఏఈఏ (అంతర్జాతీయ అణుశక్తి సంస్థ) వాళ్లు తీసిన నమూనాల్లో, మనుషులు రసాయనికంగా మార్చిన సహజ యురేనియం కణాలు దొరికాయి. మాట్లాడింది ఆ కణాలే.

కక్ష్య:
లెక్కాపత్రం గారూ, తనిఖీ హక్కు ఉన్నప్పుడు మీరు చెప్పేవన్నీ సరే. హక్కు లేని చోట సంగతే నేనడుగుతున్నది. తనిఖీదారులకైనా ఎక్కడికి వెళ్లాలో ఎవరో చెప్పాలి కదా. ఇరాన్‌లోని తుర్కుజాబాద్ గోదాము పేరు 2018 సెప్టెంబరులో బయటికొచ్చింది. 2019 ఫిబ్రవరిలో ఐఏఈఏ నమూనాలు తీసేలోగా అక్కడి కంటెయినర్లు తరలిపోవడం, నేల గీకేయడం వాణిజ్య చిత్రాల్లో కనపడింది. అయినా యురేనియం కణాలు దొరికాయి. చిత్రాలు లేకపోతే ‘అక్కడ ఎప్పుడూ ఏమీ లేదు’ అన్న జవాబును ప్రశ్నించడం ఇంకా కష్టమయ్యేది.

మీ న్యూట్రాన్ డిటెక్టర్‌కూ హద్దులున్నాయి. ప్లుటోనియం బాగా న్యూట్రాన్లు వదులుతుంది, అధిక శుద్ధి యురేనియం చాలా తక్కువ. యురేనియం మాత్రమే ఉన్న వస్తువును ఆ పరికరం దాటేయగలదు.

జినాన్ 133:
ప్రచురణ గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. యుమెన్ వార్త వచ్చిన వారంలోనే వాషింగ్టన్‌లో ‘మనమూ పెంచుకోవాలి’ అనేవాళ్ల చేతిలో అది ఆయుధమైంది. సైలో ఉన్నంత మాత్రాన అందులో క్షిపణి ఉన్నట్టు కాదు, ఖాళీ సైలోల మధ్య కొన్ని క్షిపణులు తిప్పడం అమెరికా కూడా ఒకప్పుడు ఆలోచించిన పద్ధతే అని పరిశోధకులు రాశారు. ఆ వాక్యం శీర్షికల్లోకి రాలేదు. దాచమని నేననను. ‘120 సైలోలు’ అనే మాట పక్కనే, అదే వాక్యంలో, ‘లోపల ఎన్ని క్షిపణులున్నాయో చిత్రం చెప్పదు’ అని రాయాలి. వేరే పేరాలో రాస్తే చాలదు.

నీడకొలత:
పూర్తిగా ఒప్పుకుంటాను. 2003 ఫిబ్రవరి 5న భద్రతా మండలిలో అమెరికా విదేశాంగ మంత్రి పావెల్ ఇరాక్ గురించి చూపించిన చిత్రాలు గుర్తుచేసుకోండి. రసాయన ఆయుధాల డిపో అన్న చోట వాహనాల కదలిక. తొమ్మిది రోజులకు ఐరాస ఆయుధ తనిఖీల అధిపతి హాన్స్ బ్లిక్స్ అదే మండలిలో, ఆ కదలిక మామూలు రోజువారీ పని కూడా అయ్యుండొచ్చని చెప్పారు. ఆయన మనుషులు ఆ చోట్లకు వెళ్లి వచ్చారు కాబట్టే ఆ మాట అనగలిగారు. ఆ వాహనం అగ్నిమాపక బండా, విషం కడిగే బండా అన్నది పైనుంచి తేలదు.

ముసాయిదా:
ఇద్దరి మధ్యా ఒక పాత దారి ఉంది, ఎందుకో ఎవరూ ఎత్తడం లేదు. 1991 నాటి మొదటి స్టార్ట్ ఒప్పందంలో ‘సహకార చర్యలు’ ఉండేవి. రోడ్డు మీద తిరిగే క్షిపణి వాహనాలను బయటపెట్టి చూపించమని ఏటా 7 సార్లు అడిగే హక్కు ఉంది. అడిగిన 12 గంటల్లోగా గ్యారేజీ కప్పులు జరిపి, వాహనాలను పక్కన గానీ సగం బయటికి గానీ నిలబెట్టాలి. ఎవరి ఉపగ్రహం వాళ్లు చూసుకుంటారు. బాంబర్లు ధ్వంసం చేసినప్పుడు కూడా రెక్కలు, తోక కోసి, ముక్కలను 90 రోజులు ఆరుబయట వదిలేవారు.

పరాయి మనిషి స్థావరంలో కాలు పెట్టక్కర్లేదు. ఈ పద్ధతినే వార్‌హెడ్లకు పెంచవచ్చు. అడిగిన పక్షం ఒక సైలో పేరు చెబుతుంది. ఎదుటి పక్షం మూత తెరిచి, ముందు భాగం కవచం తీసి, తొడుగులతో సహా ఉపగ్రహం దాటే వేళకు ఆకాశానికి చూపిస్తుంది. 30 సెంటీమీటర్ల చిత్రంలో తొడుగులు ఎన్నో లెక్కపెట్టడం కష్టమే గానీ అసాధ్యం కాదు. తొడుగుల మధ్య ఎడం, వాటి రంగు ముందే ఒప్పందంలో రాసుకుంటే ఇంకా తేలిక. పరిశోధకులు చేయాల్సిన అసలు పని ఇదే: ఎంత ఎడం, ఏ వంపు కోణం వరకు, ఎన్ని పిక్సెళ్లు ఉంటే ‘ఒకటి’, ‘మూడు’ తేడా నమ్మకంగా చెప్పగలమో నమూనా బొమ్మలతో పరీక్షించి అంకెలు ఇవ్వడం.

లెక్కాపత్రం:
ముసాయిదా గారూ, సైలోలకు ఇది పనిచేయొచ్చు, నేను వ్యతిరేకించను. జలాంతర్గాములకు ఏం చేస్తారు? అమెరికా మోహరించిన వార్‌హెడ్లలో సగానికి పైగా ట్రైడెంట్ల మీదే ఉన్నాయి. రేవులో ట్యూబు మూత తెరిస్తే పైనుంచి క్షిపణి ముక్కు మాత్రమే కనిపిస్తుంది. ఆ కవచం ఓడ మీదే తీసి ఉపగ్రహం వచ్చేదాకా ఆరుబయట ఉంచడానికి ఏ నౌకాదళమూ ఒప్పుకోదు. రెండోది, అడిగాక 12 గంటల గడువంటే ఒకటో రెండో వార్‌హెడ్లు దించేయడానికి సరిపోతుందా లేదా అన్నది తేల్చాలి. తనిఖీలో బృందం కళ్ల ముందు నుంచే ఆ క్షిపణి కదలదు.

ముసాయిదా:
గడువుకు జవాబుంది. పేరు చెప్పిన క్షణం నుంచి ఆ సైలో దగ్గరికి ఏ వాహనమూ రాకూడదని రాసుకోవాలి. రాడార్ పోలికతో జాడ చూడవచ్చు, నీడకొలత గారు చెప్పిన గాలీ వానా మినహాయించి. జలాంతర్గాములకు మాత్రం నా దగ్గర పరిష్కారం లేదు. అక్కడ మనుషులు వెళ్లాల్సిందే.

నీడకొలత:
మబ్బు రోజున ఏం చేస్తారన్నది కూడా ఇప్పుడే రాసుకోండి. రాడార్‌తో లెక్కపెడదామంటే ఇంకో చిక్కు. గుడ్డ తొడుగు 3 సెంటీమీటర్ల రాడార్ తరంగాలకు దాదాపు అడ్డే కాదు, కింద ఉన్న లోహం నుంచే ప్రతిధ్వని వస్తుంది. ఆకారం బయటపడుతుందేమోనన్న భయంతో ఆతిథ్య పక్షం లోహపు పూత ఉన్న తొడుగు అడుగుతుంది. అప్పుడు పక్కపక్కనున్న తొడుగులు కలిసిపోయి ఒకే వెలుగు మచ్చగా కనిపించే ప్రమాదం ఉంది. ఎడం ఎంతన్నది మామూలు చిత్రాలతోనూ రాడార్‌తోనూ విడివిడిగా పరీక్షించి, రెండింట్లో పెద్ద అంకెనే ముసాయిదాలో పెట్టాలి.