చర్చ: వాటర్‌కలర్, టాబ్లెట్, లినో... అన్నిటి మధ్యా తిరిగేవాళ్లు పని ఎలా నడుపుతున్నారు?

తడిబ్రష్షు:
పదకొండేళ్లుగా బొమ్మలే నా పని. పుస్తకాలకి ఇలస్ట్రేషన్లు, అప్పుడప్పుడూ కవర్లు, మధ్యలో ఖాళీ దొరికితే నా సొంత పెయింటింగులు. ముందంతా నీటిరంగులే, తర్వాత క్లయింట్లు అడిగే మార్పులు భరించలేక టాబ్లెట్ కొన్నా, రెండేళ్ల నుంచి లినో (మెత్తటి లినోలియం పలక మీద బొమ్మ చెక్కి, ఇంకు పూసి కాగితం మీద అచ్చు తియ్యడం) పిచ్చి కూడా పట్టుకుంది. ఇప్పుడు గొడవేంటంటే ఏ ఒక్కదాంట్లోనూ చెయ్యి తిరిగినట్టు అనిపించట్లేదు. రెండు నెలలు టాబ్లెట్ మీదే పని చేసి నిన్న పేపర్ ముందు కూర్చున్నా, ఆకాశం వాష్ (పలచటి రంగు పూత) వేస్తుంటే తడి ఎక్కువై నీలం కాస్తా ఇంటి పైకప్పులోకి పాకింది, వెంటనే నా ఎడమ చేతి రెండు వేళ్లు వాటంతటవే టేబుల్ మీద టక్కున తట్టాయి. అన్‌డూ కోసం, టాబ్లెట్‌లో అలా తడితే చివర వేసిన గీత పోతుంది! కాసేపు నవ్వుకున్నా, తర్వాత నిజంగా భయమేసింది. పదకొండేళ్ల చెయ్యి రెండు నెలల్లో ఇలా అయిపోతుందా?

మీలో రెండు మూడు మీడియంలు నడిపేవాళ్లు ఎలా చేస్తున్నారు? ఒకటి ఇంకోదాన్ని పాడు చేస్తుందా, పనికొస్తుందా? సలహాలు కాదు, మీకు జరిగింది చెప్పండి.

బొగ్గుచేతులు:
ఆ వేళ్లు తట్టడం నాకూ అయింది, నేనైతే కాన్వాసు మీదే తట్టా, తడి ఆయిల్ పెయింట్ మీద. రెండు వేలిముద్రలు ఇప్పటికీ ఉన్నాయి 😄

జోక్ పక్కన పెడితే నాకు అర్థమైంది ఏంటంటే ఎన్ని మీడియంలు అన్నది కాదు, ఎప్పుడు మారుతున్నాం అన్నదే అసలు సంగతి. నేను ఇరుక్కున్నప్పుడల్లా మారేవాణ్ణి. ఒక పోర్ట్రెయిట్‌లో కుర్చీ చేతి మీద ఆనించిన చెయ్యి ఎంతకీ కుదర్లేదు, ఆయిల్‌లో నాలుగుసార్లు గీకి తీసేశా, ఫోటో తీసి టాబ్లెట్‌లోకి ఎక్కించి అక్కడ సరిచేద్దామనుకున్నా, కుదర్లేదు, పాస్టెల్‌లో వేశా, అక్కడా అదే వంకర చెయ్యి. మూడు మీడియంల్లో ఒకే తప్పు. మణికట్టు నుంచి బొటనవేలు ఎక్కడ మొదలవుతుందో నేను అసలు సరిగ్గా చూడలేదు, అంతే. రంగు మారిస్తే ఎముక మారదు కదా.

అప్పట్నుంచి ఏ బొమ్మయినా ముందు విల్లో చార్కోల్‌తో (సన్న కొమ్మల్ని కాల్చిన బొగ్గు) అరచేయంత సైజులో, మూడే టోన్లు, తెలుపు-నడిమి-నలుపు, ఐదారు వేస్తా. విల్లో ఎందుకంటే గుడ్డతో తుడిస్తే పోతుంది, కంప్రెస్డ్ (పొడిని నొక్కి గట్టిగా చేసిన బొగ్గు) అయితే పేపర్ని పట్టుకుని వదలదు. అక్కడ నిలబడని బొమ్మ ఇంకెక్కడా నిలబడదు, ఇది మాత్రం ఘంటాపథంగా చెప్తా.

లేయర్‌లోకం:
టాబ్లెట్‌ని ఊరికే దోషిని చేస్తున్నారు అందరూ. నేను పూర్తిగా డిజిటల్, ఏడేళ్లు. తప్పు టాబ్లెట్‌ది కాదు, అది మనల్ని నిర్ణయాలు వాయిదా వేయనిస్తుంది, మనం వేసేస్తాం, అంతే. "ఈ నీడ తర్వాత చూద్దాంలే" అని ఒక లేయర్ (బొమ్మ మీద పరిచే విడి పొర), "ఈ నీలం ఇంకో రకంగా ఉంటే" అని ఇంకో లేయర్, చూస్తే అరవై లేయర్లు, ఏది దేనిదో నాకే తెలీదు. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ఏ3 అంటే 4961 బై 3508 పిక్సెల్స్, ఆ సైజుకి నా టాబ్లెట్ కొన్ని లేయర్లు దాటాక ఇంక ఇవ్వనంటుంది. మొదట్లో తిట్టుకునేవాణ్ణి. తర్వాత అదే మంచిదైంది, ఇప్పుడు కావాలనే నాలుగు లేయర్లకి మించి పెట్టుకోను. పైన ఒక గ్రే లేయర్ మాత్రం ఎప్పుడూ ఉంటుంది, కలర్ మోడ్‌లో పెట్టి ఆన్ చేస్తే బొమ్మంతా నలుపు తెలుపులో కనిపిస్తుంది, రంగు మాయలో టోన్ ఎక్కడ పోయిందో ఇట్టే దొరికిపోతుంది.

నాకు తగిలిన దెబ్బ వేరే. ఒక కవర్ అంతా కరెంటు నీలం, స్క్రీన్ మీద మెరిసిపోతోంది, ప్రింటయ్యి వచ్చాక చూస్తే వాడిపోయిన ఊదా రంగు. స్క్రీన్ వెలుతురుతో రంగు చూపిస్తుంది, కాగితం మీద ఇంకు ఆ పని చేయలేదు, ఆర్‌జీబీలో (స్క్రీన్ రంగులు) ఉన్న ఆ నీలం సీఎంవైకేలో (ప్రింటు ఇంకులు) లేనే లేదు. ఇప్పుడు మొదటి రోజే సాఫ్ట్ ప్రూఫ్ (ప్రింటులో రంగు ఎలా వస్తుందో స్క్రీన్ మీదే చూపించేది) ఆన్ చేసి పని మొదలుపెడతా. నీటిరంగులు వేసేవాళ్లకి ఈ గోల తక్కువ, వాళ్ల రంగు ముందే కాగితం మీద ఉంటుంది కాబట్టి ఆశలు మరీ ఆకాశంలో ఉండవు.

నీలిసిరా:
@తడిబ్రష్షు నేను ఇంకు లైను గీసి, పైన నీటిరంగు వేసి, స్కాన్ చేసి, చివర్లో టాబ్లెట్‌లో చిన్న చిన్న దిద్దుబాట్లు. అంటే ప్రతి బొమ్మా మూడు చేతులు మారుతుంది. మీకు పనికొస్తాయేమో నా పాట్లు రెండు.

ఒకటి, ఇండియన్ ఇంకు ఫౌంటెన్ పెన్నులో పొయ్యకండి. పోశా. అందులో లక్క ఉంటుంది, లోపల ఎండిపోయి పాళీ దారి మొత్తం మూసుకుపోయింది, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టినా, దులిపినా లాభం లేదు, ఆ పెన్ను ఇప్పుడు టేబుల్ మీద అలంకారం. ఇండియన్ ఇంకు ముంచి రాసే పాళీకో బ్రష్‌కో.

రెండోది, వాటర్‌ప్రూఫ్ అని సీసా మీద రాసున్నా నమ్మొద్దు, అదే పేపర్ ముక్క మీద గీసి ఆరాక తడి బ్రష్ రుద్ది చూడాలి. పేపర్ బట్టి కూడా మారుతుంది. ఓసారి ముసలాయన మొహం, ముడతలన్నీ గంటన్నర కూర్చుని గీశా, మొదటి వాష్‌కే గెడ్డమంతా బూడిద రంగు వరద. క్లయింట్‌కి అదే నచ్చింది, అది వేరే విషయం, మళ్లీ అలా వెయ్యమంటే రాదుగా.

పాతపాలెట్:
మీ అందరికంటే పెద్దవాణ్ణేమో, ఎక్కువ ఆయిల్‌లోనే ఉన్నాను. చేతులు పాడైపోవడం అని ఏదీ ఉండదమ్మా తడిబ్రష్షు. ఒక మీడియంలోంచి ఇంకోదాంట్లోకి వచ్చిన మొదటి రెండు మూడు రోజులు కన్ను అబద్ధం చెబుతుంది, అంతే. ఎందుకంటే నీటిరంగు ఆరితే పాలిపోతుంది, ఆక్రిలిక్ ఆరితే ముదురుతుంది, గ్వాష్ (కింది రంగు కనిపించనివ్వని చిక్కటి నీటిరంగు) అయితే మరీ విచిత్రం, ముదురు రంగులు తేలికపడతాయి, లేత రంగులు ముదురుతాయి. ఆయిల్ అంతగా మోసం చెయ్యదు. నీ చెయ్యి నిన్న టాబ్లెట్ లెక్కలో నీలం కలిపి ఉంటుంది, అక్కడ వేసిన రంగు వేసినట్టే ఉంటుంది కదా. అందుకే నేను మీడియం మారిన రోజు అసలు బొమ్మ ముట్టుకోను, ఒక చిత్తు కాగితం మీద రంగు పట్టీలు వేసి ఆరబెట్టి, పక్కనే తడిగా అదే రంగు వేసి తేడా చూసుకుంటా. అరగంట పని.

మీడియంలు ఒకదాని మీద ఒకటి వెయ్యడం గురించి కూడా చెప్తా: ఆక్రిలిక్ మీద ఆయిల్ వెయ్యొచ్చు, ఆయిల్ మీద ఆక్రిలిక్ వెయ్యకూడదు, పట్టుకోదు, పొరలు లేస్తుంది. ఆయిల్ నీళ్లలా ఆవిరై ఆరదు, గాల్లో ఆక్సిజన్ పట్టుకుని గట్టిపడుతుంది, అందుకే కింది పొరలో నూనె తక్కువ, పై పొరలో ఎక్కువ ఉండాలి, తిరగేస్తే పగుళ్లే. లిన్‌సీడ్ (అవిసె) నూనె పట్టిన గుడ్డలు ఉండ చుట్టి మూల పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి, ఇది కథ కాదు, పరిచి ఆరబెట్టండి లేదా నీళ్లు పోసి మూతున్న డబ్బాలో పెట్టండి.

ఇంకో మాట. పేరున్న చిత్రకారులు మీడియం మార్చింది చూడండి. మాటీస్‌కి 1941లో ఆపరేషన్ అయ్యాక ఎక్కువసేపు నిలబడి పెయింట్ చెయ్యడం కష్టమైంది, గ్వాష్ పూసిన కాగితాల్ని కత్తెరతో కత్తిరించడం మొదలుపెట్టాడు, దాంతో గీత గీయడం, రంగు వెయ్యడం ఒకే పని అయిపోయింది. డెగా మోనోటైప్ (పలక మీద ఇంకుతో బొమ్మ వేసి కాగితం మీదకి తీసే అచ్చు) ప్రింట్ తీసి దాని మీద పాస్టెల్ వేసేవాడు, కింద నలుపు తెలుపు లెక్క ముందే తేలిపోయేది. హాక్నీ 1986లో ఆఫీసు ఫోటోకాపీ మెషిన్‌తో ప్రింట్లు చేశాడు, ఒకే కాగితాన్ని ఒక్కో రంగుకి మళ్లీ మళ్లీ మెషిన్లో పంపించి. అదే మనిషి 2009లో ఐఫోన్ మీద బొటనవేలితో బొమ్మలేశాడు. వీళ్లెవరూ పారిపోలేదు, పాత చేతిని కొత్త పనిముట్టులోకి మోసుకెళ్లారు.

ఒక్కటేచాలు:
రెండు పడవల మీద కాళ్లు పెడితే ఏమవుతుందో తెలిసిందే. ఒకటి పట్టుకోండి, మిగతావి వదిలెయ్యండి.

బొగ్గుచేతులు:
@ఒక్కటేచాలు అన్నా, నాకు కుడి మణికట్టు నొప్పి వచ్చి డాక్టర్ స్టైలస్ (టాబ్లెట్ పెన్ను) వారం ముట్టుకోవద్దంటే, గోడకి పెద్ద కాగితం అంటించి నిలబడి భుజం నుంచి చార్కోల్ గీసుకుంటూ కూర్చున్నా, సారీ నిలబడ్డా. ఆ వారం ఒక్క పడవే ఉంటే మునిగేవాణ్ణి.

చెక్కుడుపురుగు:
లినో మాట వచ్చింది కాబట్టి నేనూ. లినో మనిషిని మార్చేస్తుంది, ఎందుకంటే చెక్కింది మళ్లీ అతికించలేం. టాబ్లెట్‌లో నిర్ణయాలు వాయిదా అని పైన లేయర్‌లోకం అన్నాడుగా, ఇక్కడ కత్తి పెట్టకముందే అన్నీ తేలాలి. ముఖ్యంగా రిడక్షన్ ప్రింట్, ఒకే బ్లాకుని లేత రంగు ప్రింటు తీసి, ఇంకాస్త చెక్కి దాని మీద ముదురు రంగు, మళ్లీ చెక్కి ఇంకో రంగు. చివరికి బ్లాకు మిగలదు. ఇరవై కాపీలు కావాలంటే మొదటి రంగుకే ఇరవైకి మించి తీసుకోవాలి, ఐదారు పాడవుతాయి, తర్వాత "ఇంకో రెండు" అంటే లేవు.

ఇక నా పరువు పోయిన కథ. ఒక పుస్తకానికి పేరుతో సహా చెక్కా. బొమ్మ తిరగబడుతుందని తెలుసు, బొమ్మని తిప్పి వేసుకున్నా. అక్షరాలు మాత్రం చేతికొచ్చినట్టు నేరుగా చెక్కేశా. "ర" గుండ్రం, "స" తలకట్టు, ఎంత శ్రద్ధగా వంపులు తిప్పానో, మూడు రాత్రులు. మొదటి ప్రింటు కాగితం చివర పట్టుకుని మెల్లగా లేపుతుంటే తలకట్టులన్నీ అవతలి వైపుకి తిరిగి నన్ను చూస్తున్నాయి. అద్దంలో పెట్టి చదివితే బ్రహ్మాండంగా ఉంది.

అప్పట్నుంచి టాబ్లెట్ నాకు లినో పనిముట్టే. స్కెచ్ ఫోటో తీసి ఫ్లిప్ చేసి, కాంట్రాస్ట్ పెంచి, ప్రింటు తీసి కార్బన్ పేపర్‌తో బ్లాకు మీదకి దించుతా. చలిగా ఉంటే లినో గట్టిపడుతుంది, కాస్త వెచ్చబెడితే కత్తి వెన్నలో దిగినట్టు దిగుతుంది. రెండో చెయ్యి ఎప్పుడూ కత్తి వెనకాలే ఉండాలి, ముందు పెట్టిన రోజుకి గుర్తు నా చూపుడువేలి మీద ఉంది.

నీలిసిరా:
"అద్దంలో పెట్టి చదివితే బ్రహ్మాండం" 😂😂 ఆ కాపీ ఒకటి నాకు కావాలి.

పాస్టెల్‌పొడి:
ఎవరూ అనలేదు కాబట్టి, కలిపే ముందు రంగు నిలుస్తుందా అని చూసుకోండి. నేను మార్కర్లు, నీటిరంగులు కలిపి వేసిన ఒక పువ్వుల బొమ్మ అమ్మా, కొన్నావిడ ఏడాదిన్నరకి ఫోటో పంపింది, గులాబీలు తెల్లబడ్డాయి, ఆకులు మాత్రం పచ్చగా ఉన్నాయి. డై మార్కర్లు వెలుతురుకి ఆగవు, స్కాన్ చేసి ప్రింటుకిచ్చే పనికైతే ఫర్వాలేదు, గోడ మీద వేలాడేదానికి వద్దు. ట్యూబు మీద కంపెనీ పెట్టిన అందమైన పేరు కాదు, చిన్న అక్షరాల్లో ఉండే పిగ్మెంట్ కోడ్ చదవాలి. పీఆర్ 83 అంటే అసలైన అలిజరిన్ క్రిమ్సన్, ఎంత బాగున్నా వెలిసిపోతుంది. పీబీ 29 అల్ట్రామెరీన్, దానికి ఆ భయం లేదు. ఆవిడకి మళ్లీ వేసిచ్చా, ఊరికే.

తడిబ్రష్షు:
మూడు వారాలైంది, ఏం జరిగిందో చెప్తున్నా.

పాతపాలెట్ గారు చెప్పినట్టు మొదటి రోజు పట్టీలే వేశా. నా నీలం నిజంగానే పలచన, తడిగా ఉన్నప్పుడు చాలనిపించింది ఆరాక సగం కూడా లేదు, అది చూసి కంగారుపడి తడి మీద మళ్లీ మళ్లీ వేస్తున్నానన్నమాట, పైకప్పులోకి పాకడం అందుకే. చెయ్యి పోవడం కాదు, ఓపిక పోయింది.

తర్వాత అదే ఇల్లు బొగ్గుతో చిన్నవి ఆరు వేశా. నాలుగోదాంట్లో తెలిసింది, ఆకాశం, పైకప్పు రెండూ ఒకే టోన్‌లో ఉన్నాయి, అంచు ఆగినా బొమ్మ నిలబడేది కాదు. టాబ్లెట్‌లో ఇదే ఇల్లు వేసినప్పుడు పైకప్పుకి ఎర్ర రంగు కొట్టి సరిపెట్టేశా. ఈసారి ఆకాశాన్ని దాదాపు పేపర్ తెల్లగానే వదిలేశా, 300 జీఎస్ఎం (మందం ఎక్కువున్న) కాటన్ పేపర్, ఒక్క వాష్, బ్రష్ రెండోసారి వెనక్కి తీసుకెళ్లలేదు. పైకప్పు అంచు కోసం మాస్కింగ్ ఫ్లూయిడ్ (రంగు అంటకుండా పూసి తర్వాత లాగేసే జిగురు) వాడదామనుకుని మానేశా, పోయినసారి రెండు రోజులు వదిలేస్తే తీసేటప్పుడు పేపర్ పొర కూడా దాంతోపాటే వచ్చింది.

బొమ్మ బాగుంది, అంటే నాకు బాగుంది. ఇప్పుడు దాన్ని ప్రింటుకి పంపాలి, స్కాన్ చేస్తే ఆ ఆకాశంలో ఉన్న లేత నీలం మొత్తం మాయం, తెల్ల కాగితమే వస్తోంది, 600 డీపీఐ పెట్టినా అంతే. ఏం చెయ్యాలి?

నీలిసిరా:
డీపీఐ పెంచితే లేత రంగు రాదండి, అది వేరే లెక్క. స్కానర్ సాఫ్ట్‌వేర్‌లో ఆటో కరెక్షన్ ఉంటుంది చూడండి, అది తెలుపుని ఇంకా తెల్లగా చేసేస్తుంది, ముందు అది ఆపండి. 16 బిట్‌లో (రంగు తేడాలు ఎక్కువ దాచుకునే సెట్టింగ్) స్కాన్ చెయ్యండి, తర్వాత ఫోటో ఎడిటర్ లెవెల్స్‌లో లేత రంగుల్ని కాస్త ముదురు చెయ్యండి. అయినా రాకపోతే స్కానర్ మానేసి మబ్బు పట్టిన రోజు కిటికీ వెలుతుర్లో ఫోటో తీయండి, పక్కన గ్రే కార్డు (రంగు సరిచూసుకునే బూడిద రంగు అట్ట) పెట్టి.

తడిబ్రష్షు:
ఆటో కరెక్షన్ ఆన్‌లో ఉంది!! ఆపాను, నీలం వచ్చింది. పేపర్ గరుకు కూడా నీడలా వచ్చింది, బ్రష్ ఎక్కడ ఆగిందో ఆ చిన్న గీతతో సహా. దాన్ని టాబ్లెట్‌లో చెరపాలా ఉంచాలా అని ఇందాకట్నుంచి చూస్తూ కూర్చున్నా.

పాతపాలెట్:
ఉంచమ్మా.