ఆంప్‌ని తెరుస్తామా, విప్పుతామా?

నాలుగుతీగలు:
నేను బేస్ గిటార్ వాయిస్తాను. ఈ మధ్య నా ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టె) మొరాయించింది. స్విచ్ వేయగానే గుంయ్‌మని ఒకటే మూలుగు, వాల్యూమ్ సున్నాకు దించినా పోదు. తెలిసిన మెకానిక్ అన్న దగ్గరకు తీసుకెళ్ళి, ఆయన చేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. మా బ్యాండు కుర్రాళ్ళకు పనికొస్తుందని ఒక చిన్న నోట్సు రాశాను. మొదటి వాక్యం ఇది: "ప్లగ్గు పీకేసి, ఆంప్‌ను తెరవండి."

చదివి వినిపిస్తే అన్న అక్కడే ఆపాడు. "తెరవనీకి అదేమన్నా తలుపా? ఇప్పాలె అను" అన్నాడు.

నిజమే కదా అనిపించింది. కానీ ఎందుకు నిజమో చెప్పలేకపోయాను. తలుపు తెరుస్తాం, గొడుగు విప్పుతాం, తాళం తీస్తాం. వీటి మధ్య లెక్క ఏమిటి? ఇప్పుడు అన్నింటికీ కలిపి "ఓపెన్ చెయ్" అనేస్తున్నాం కాబట్టి ఆ లెక్క గుర్తు రావట్లేదా?

పాతనిఘంటువు:
మంచి ప్రశ్న. నా మటుకు నేను వస్తువును చూడను, అది దేనివల్ల మూసుకుని ఉందో చూస్తాను. ముడివల్లో, మడతవల్లో, బిగింపువల్లో మూసుకుని ఉంటే విప్పుతాం. మూట, జడ, గొడుగు, పడగ, రెక్కలు, నట్టు అన్నీ ఆ కోవలోవే. తలుపు, కిటికీ, పుస్తకం రోజూ తెరవడానికే చేసినవి, అందుకే తెరుస్తాం. మీ ఆంప్‌ను స్క్రూలు పట్టుకుని ఉన్నాయి. మెకానిక్‌దే సరైన మాట.

ఒకే వస్తువుకు రెండు క్రియలూ వాడి చూడండి, తేడా తెలుస్తుంది. పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుస్తాం. పంచాయితీలో నోరు విప్పుతాం. మొదటిదానిలో పళ్ళు కనిపిస్తాయి, రెండోదానిలో లోపల దాచుకున్న మాట బయటికొస్తుంది. గుట్టు విప్పడం, పొడుపుకథ విప్పడం, విప్పి చెప్పడం, అన్నీ ఈ దారిలోవే.

టంకంవాసన:
భాష సంగతి మీరు తేల్చండి, ముందు ఒక హెచ్చరిక. ప్లగ్గు పీకితే సరిపోదు. లోపలి పెద్ద కండెన్సర్లు కరెంటు దాచుకుని ఉంటాయి. గాజు గొట్టాలతో నడిచే వాల్వ్ ఆంప్ అయితే 400, 500 వోల్టుల దాకా ఉండొచ్చు, ప్రాణాలకే ముప్పు. తగిన రెసిస్టర్ పెట్టి ఛార్జి దింపి, మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి టప్‌మనిపించి మగతనం చూపించేవాళ్ళుంటారు, వాళ్ళ మాట వినకండి. ఈ పని తెలియనివాళ్ళు అసలు విప్పొద్దు, తెరవొద్దు, ఓపెన్ కూడా చేయొద్దు.

ఇంతకీ మూలుగుకు కారణం ఆ కండెన్సర్లేనా?

నాలుగుతీగలు:
అవే. వెనక పలక ఊడదీసి, స్పీకర్ వైర్లు తప్పించి, సర్క్యూట్ బిగించి ఉన్న లోహపు చట్రాన్ని (ఛాసిస్) బయటికి లాగాక రెండు లావుపాటి కండెన్సర్లు కనిపించాయి. మూతలు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. ఒకదాని మొదట్లో గోధుమరంగు జిగురులాంటిది కారి ఎండిపోయింది. అన్న దాన్ని గోటితో గీకి, "ఏసీ నుంచి వచ్చిన డీసీని సాపు చేసేది ఇదే, ఇది పోతే కరెంటు మూలుగు స్పీకర్‌లకే వస్తది" అన్నాడు.

ఇంకో తమాషా. మన కరెంటు 50 హెర్ట్జ్, ఏసీని డీసీగా మార్చే డయోడ్ల గుండా వచ్చాక ఆ మూలుగు 100 అవుతుంది. బేస్ గిటార్‌లో సన్నతీగ, జి, 98 హెర్ట్జ్. దాన్ని మీటితే మూలుగూ తీగా కలిసి సెకనుకు రెండుసార్లు ఊగుతాయి. ఇంటర్ ఫిజిక్సులో విస్పందనాలు అని బట్టీ పట్టిన మాట ఇన్నేళ్ళకు చెవిన పడింది.

పాతనిఘంటువు:
"ఊడదీసి" అన్నారు చూడండి, అదీ వేరే. పలకను ఊడదీశారు, ఆంప్‌ను విప్పారు. ఊడేది విడిగా చేతికొచ్చే ముక్క.

మేడిపండు:
విప్పడం అనగానే నాకు వేమన గుర్తొచ్చాడు. "పొట్ట విప్పి చూడ పురుగులుండు." చిన్నప్పుడు మా ఊళ్ళో మాస్టారు "పొట్ట విచ్చి చూడ" అని చెప్పించారు. ఏది సరి?

పాతనిఘంటువు:
రెండు పాఠాలూ వినిపిస్తాయి. ఛందస్సును అడిగితే అది తేల్చదు. ఆటవెలది రెండో పాదం అయిదు సూర్యగణాలు: పొట్ట, విప్పి, చూడ, పురుగు, లుండు. "విప్పి" తీసి "విచ్చి" పెట్టినా అదే గురువు, అదే లఘువు. యతి "పొ"కూ "పు"కూ మధ్య ఉంది, వాళ్ళ జోలికి ఇది పోదు.

అర్థంలో మాత్రం వాసన తేడా ఉంది. ఇప్పటి వాడుకలో విచ్చడం దానంతటదే జరిగేది, మొగ్గ విచ్చుకుంటుంది. విప్పడం మనం చేసేది. మేడిపండు తనంత తాను విచ్చుకోదు, ఎవరో ఒకరు పూనుకోవాలి. అందుకని నా ఓటు "విప్పి"కే. పాత తెలుగులో విచ్చు కూడా మనం చేసే పనికి వాడేవారు కాబట్టి మీ మాస్టారిని తప్పు పట్టను.

ఇచ్చు, ఇప్పించు, తెచ్చు, తెప్పించు, మెచ్చు, మెప్పించు. చ్చ ఉన్నచోట ప్ప రావడం మనకు అలవాటే. విచ్చు, విప్పు పక్కపక్కన పెడితే చుట్టాల్లాగే కనిపిస్తాయి.

నాలుగుతీగలు:
అయ్యో మాస్టారూ, ఇప్పించు అన్నారు కాబట్టి చెప్పక తప్పదు. ఆంప్ ఇచ్చొచ్చిన మర్నాడు షాపులో కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, మీ ఆంప్ పొద్దుగాల్నే ఇప్పించిన."

గుండె ఆగినంత పనైంది. శనివారం ప్రోగ్రాం ఉంది. "ఎవరికి ఇప్పించావురా?" అని అరిచాను.

"ఎవరికీ లేదన్నా. మా అన్నతోని."

విప్పించడం నోట్లో పడి ఇప్పించడం అయింది. "కి" పెడితే ఆంప్ పోయినట్టు, "తో" పెడితే బాగవుతున్నట్టు. అప్పటిదాకా విభక్తి ప్రత్యయాల మీద నాకు పెద్ద గౌరవం లేదు.

టంకంవాసన:
చచ్చేంత నవ్వొచ్చింది. సరే, నాదీ ఒక మాట రాసుకోండి. సోల్డరింగ్‌ను పుస్తకాల్లో టంకం వేయడం అంటారు. మా అమ్మమ్మ బిందె చిల్లిపడితే "మాటు వేయించు" అనేది. వైరు గుచ్చే జాక్ దగ్గర డ్రై సోల్డర్ అయి, అంటే టంకం సరిగ్గా అంటుకోక, శబ్దం వచ్చిపోతుంటే నేను ఇప్పటికీ "మాటు పోయింది" అంటాను. షాపులో కుర్రాళ్ళు మాత్రం "ఎవరి మాట సార్?" అంటారు.

నాలుగుతీగలు:
నోట్సు మార్చాను. "ప్లగ్గు పీకండి. ఆంప్‌ను విప్పండి. తెలిసినవాళ్ళతో ఛార్జి దింపించండి. ఉబ్బిన కండెన్సర్లు మార్పించండి." మళ్ళీ అన్నకు చదివి వినిపించాను. ఈసారి చివరిదాకా విన్నాడు. విని, "బిగియ్యమని ఏడ రాసినవ్?" అన్నాడు.